మంత్ర పుస్తకం తెరిచే ముందు: నెట్‌హ్యాక్ ఆటపై బెంగళూరు పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో నెట్‌హ్యాక్ అనే నేలమాళిగల ఆటను పరిచయం చేసిన తరువాత మాకు అందిన ఉత్తరాలలో చాలా భాగం బెంగళూరు తెలుగువారివే, వాటిలోనూ చాలా భాగం మంత్రాల గురించినవే. కత్తి తిప్పడం, బాణం వేయడం ఎవరూ చెప్పకుండానే ఈ ఆటలో అలవాటవుతాయి గాని, మంత్రాల విషయంలో ఆట తన లెక్కలను తెర మీద చూపదు. ఫలితాన్ని మాత్రమే చూపుతుంది. అందుకే కొత్తవారికి అంతా అదృష్టం మీద నడుస్తున్నట్టు కనిపిస్తుంది. కింది జవాబులలోని అంకెలు 2003 డిసెంబరులో విడుదలై ఇప్పటికీ ఎందరో ఆడుతున్న 3.4.3 కూర్పుకు సంబంధించినవి. 2015లో వచ్చిన 3.6 కూర్పులోనూ ఇక్కడ చెప్పిన ప్రధానమైన లెక్కలు దాదాపు అలాగే కొనసాగాయి.

ప్రశ్న: నేను మారతహళ్లిలో ఒక పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. విజర్డ్ (మంత్రగాడు) పాత్రతో ఆడుతున్నాను. తెలివిని కొలిచే ఇంటెలిజెన్స్ 18, పాత్ర స్థాయి 3. ఒక ఎర్ర పుస్తకం దొరికితే చదవబోయాను. ఇది అర్థం చేసుకోవడం కష్టం, కొనసాగించాలా అని ఆట అడిగింది. సరేనన్నాను. మతి చెదిరిపోయింది, పైగా కదలలేకపోయాను, ఈలోగా ఒక చిన్న జంతువు వచ్చి చంపేసింది. తరువాత మొదలుపెట్టిన కొత్త ఆటలో అదే ఎర్ర పుస్తకం దొరికితే ఏ హెచ్చరికా లేకుండా మంత్రం వచ్చేసింది. ఇందులో లెక్క ఏమైనా ఉందా, లేక అంతా అదృష్టమేనా?

జవాబు: లెక్క ఉంది. మీరు రాసిన నాలుగు వాక్యాలను బట్టి ఆ పుస్తకం ఏ స్థాయిదో కూడా చెప్పవచ్చు.

ముందుగా రంగు సంగతి చూద్దాం. పుస్తకాల రంగులకూ, అట్టల తీరుకూ మంత్రాలతో ఉన్న సంబంధాన్ని ప్రతి కొత్త ఆటలోనూ ఆట తిరగేసి కలుపుతుంది. మొదటి ఆటలోని ఎర్ర పుస్తకానికీ రెండో ఆటలోని ఎర్ర పుస్తకానికీ పోలిక లేదు కాబట్టి, ఒక ఆటలో నేర్చుకున్న రంగుల జాబితాను మరో ఆటలో నమ్ముకోకూడదు. మారనిది మంత్రాల స్థాయి. ఫోర్స్ బోల్ట్ ఎప్పుడూ 1వ స్థాయి, మ్యాజిక్ మిసైల్ 2వ స్థాయి, ఫైర్‌బాల్ 4వ స్థాయి, ఫింగర్ ఆఫ్ డెత్ 7వ స్థాయి. అంతకు మించిన స్థాయి లేదు.

మామూలు పుస్తకాన్ని, అంటే ఆశీర్వాదం గాని శాపం గాని లేని పుస్తకాన్ని చదవబోయినప్పుడు ఆట లోపల ఒక కూడిక చేస్తుంది. మీ ఇంటెలిజెన్స్‌కు 4 కలిపి, మీ పాత్ర స్థాయిలో సగాన్ని కూడా కలిపి, అందులోంచి పుస్తక స్థాయికి రెట్టింపును తీసివేస్తుంది. సగం లెక్కలో భిన్నాలు పోతాయి కాబట్టి మీ 3కు 1 మాత్రమే వస్తుంది. లెన్సెస్ అనే కళ్లద్దాలు దొరికి పెట్టుకుని ఉంటే ఇంకో 2 కలుస్తుంది. తరువాత 1 నుంచి 20 వరకు ఒక అంకె పడుతుంది. అది ఈ మొత్తాన్ని మించితే చదువు విఫలమైనట్టే. మీ విషయంలో 18, 4, 1 కలిపితే 23. 1వ స్థాయి పుస్తకానికి 21 మిగులుతుంది కాబట్టి విఫలమయ్యే అవకాశమే లేదు. 2వ స్థాయికి 19 మిగులుతుంది, అంటే నూటికి 5 వంతుల ప్రమాదం. అక్కడి నుంచి స్థాయి ఒక్కటి పెరిగినప్పుడల్లా ప్రమాదం 10 వంతులు పెరుగుతూ 7వ స్థాయికి 55 వంతులకు చేరుతుంది.

ఇప్పుడు మీ పుస్తకం సంగతి. మొత్తం 20 కంటే తక్కువైనప్పుడు విజర్డ్‌కు మాత్రమే 'కష్టం' అన్న హెచ్చరిక వస్తుంది, 12 కంటే తక్కువైతే అది 'చాలా కష్టం'గా మారుతుంది. మీకు వచ్చినది 'కష్టం' మాత్రమే కాబట్టి పుస్తకం 2 నుంచి 5 లోపు స్థాయిది. ఇక విఫలమైన చదువుకు శిక్ష పుస్తక స్థాయిని బట్టి ఎంపికవుతుంది: 1వ స్థాయి పుస్తకం మిమ్మల్ని మరో చోటికి విసిరేయడం తప్ప ఏమీ చేయలేదు, 2వ స్థాయి నుంచి చుట్టుపక్కల రాక్షసులందరినీ మేల్కొల్పే ప్రమాదం చేరుతుంది, 3 నుంచి కనీసం 250 టర్నుల (ఒక అడుగు వేసేంత కాలం ఒక టర్ను) అంధత్వం, 4 నుంచి సంచిలోని బంగారం మాయం కావడం, 5 నుంచి మతి చెదరడం, 6 నుంచి పుస్తకానికి పూసిన విషం, 7వ స్థాయిలో పుస్తకమే ముఖం మీద పేలిపోవడం. మీకు మతి చెదిరింది, అంటే పుస్తకం 5వ స్థాయికి తక్కువది కాదు. హెచ్చరికను బట్టి 5కు ఎక్కువది కూడా కాదు. కాబట్టి అది కచ్చితంగా 5వ స్థాయి పుస్తకం. మీరు నూటికి 35 వంతుల ప్రమాదానికి సరేనన్నారు.

కదలలేకపోవడం వేరే శిక్ష కాదు. పుస్తకాన్ని పూర్తిగా చదవడానికి ఎన్ని టర్నులు పట్టేదో, విఫలమైనప్పుడు అన్ని టర్నులూ మీ పాత్ర అచేతనంగా నిలబడిపోతుంది. పెద్ద స్థాయి పుస్తకాలకు అది పదుల టర్నులు. సవ్యంగా సాగే చదువును శత్రువు కనబడగానే మధ్యలో ఆపవచ్చు గాని, విఫలమైన చదువును ఆపడం మీ చేతిలో ఉండదు. పుస్తకం వల్ల చనిపోయామని చెప్పుకునేవారిలో ఎక్కువమందిని నిజానికి చంపేది ఈ అచేతన స్థితిలో దారిన పోయే ఏ నక్కో, ఎలుకో. తక్కువ ప్రమాదం ఉన్న పుస్తకాన్నయినా తలుపులు మూసిన గదిలో, చుట్టుపక్కల ఏమీ లేవని చూసుకుని చదవమని చెప్పేది ఇందుకే. విఫలమైన పుస్తకం మూడింట ఒక వంతు సందర్భాలలో పొడి అయిపోతుంది కూడా.

రెండో ఆటలో హెచ్చరిక ఎందుకు రాలేదన్నది దీనికంటే ముఖ్యమైన ప్రశ్న. ఆశీర్వదించిన పుస్తకం ఏ స్థాయిదైనా విఫలం కాదు, కాబట్టి దానికి హెచ్చరిక ఉండదు. శపించిన పుస్తకం ఏ స్థాయిదైనా తప్పక విఫలమవుతుంది, అయినా దానికీ హెచ్చరిక ఉండదు. ఈ రెండో వాక్యాన్ని కొత్త విజర్డులు గుర్తుంచుకోవాలి: హెచ్చరిక రాలేదంటే పుస్తకం సులువైనదని కాదు. మీ రెండో పుస్తకం ఆశీర్వదించినదో, 1వ స్థాయిదో అయి ఉండాలి. మంత్రం వచ్చింది కాబట్టి శపించినది మాత్రం కాదు.

ఆశీర్వాదమూ శాపమూ తెలుసుకోవడానికి దారులున్నాయి. దారిలో ఎక్కడైనా బలిపీఠం ఉంటే పుస్తకాన్ని దాని మీద పడేయండి. నల్లని మెరుపు వస్తే శాపం, పసుపు వన్నె మెరుపు వస్తే ఆశీర్వాదం, ఏదీ రాకపోతే మామూలుది. బలిపీఠం లేకపోతే మీ పిల్లిని గాని కుక్కను గాని గమనించండి. శపించిన వస్తువు మీదుగా అది అడుగు వేయదు, తప్పనిసరై వేస్తే అయిష్టంగా వేసిందని ఆట చెబుతుంది. పవిత్ర జలం ఉంటే అందులో ముంచిన మామూలు పుస్తకం ఆశీర్వదించినదవుతుంది, శపించినది మామూలుదవుతుంది. 5కు పైబడిన పుస్తకం చేతికి వచ్చినప్పుడు ఒక సీసా పవిత్ర జలం దాని మీద ఖర్చు చేయడం నా దృష్టిలో దండగ కాదు. మామూలుగా ఆటగాళ్లు ఆ సీసాలను కవచాల కోసం దాచుకుంటారు గాని, విజర్డ్‌కు పుస్తకమే కవచం.

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించి జయనగర్‌లో స్థిరపడ్డాను. మనవడు నేర్పిన ఈ ఆట నన్ను వదలడం లేదు. పుస్తక స్థాయి తెలుసుకోవాలని అందరూ అంటారు గాని పుస్తకం మీద పేరే లేనప్పుడు స్థాయి ఎలా తెలుస్తుంది? దుకాణంలో ఒక పుస్తకానికి 533 అడిగాడు. నా దగ్గర ఉన్న మరొక పుస్తకానికి 100 ఇస్తానన్నాడు. నా పాత్ర కరిజ్మా (ఆకర్షణ) 10. ఈ అంకెల నుంచి ఏమైనా తేలుతుందా?

జవాబు: చాలా తేలుతుంది, పైగా మీరు లెక్కల మనిషి కాబట్టి ఈ పద్ధతి మీకు నచ్చుతుంది. అవెన్యూ రోడ్డులోని పాత పుస్తకాల వ్యాపారి లోపల ఏముందో చదవకుండానే పుస్తకాన్ని చేత్తో పట్టి ధర చెప్పగలిగినట్టే, ఈ ఆటలోని దుకాణదారుకు పుస్తకం విలువ ముందే తెలుసు. మంత్రం పేరు చెప్పడు గాని ధర దాచడు. మంత్ర పుస్తకం అసలు ధర దాని స్థాయికి సరిగ్గా 100 రెట్లు. 1వ స్థాయికి 100 జోర్క్‌మిడ్‌లు (ఆటలోని నాణేలు), 7వ స్థాయికి 700. ఆశీర్వాదం ఉన్నా శాపం ఉన్నా ఈ ధర మారదు. ఖాళీ కాగితాల పుస్తకం మాత్రమే దీనికి వెలుపల ఉంది.

అయితే దుకాణదారు అడిగే ధరలో రెండు విషయాలు కలుస్తాయి. ఒకటి కరిజ్మా. అది 11 నుంచి 15 వరకు ఉంటే అసలు ధరే అడుగుతాడు; 8 నుంచి 10 వరకు ఉంటే మూడింట ఒక వంతు ఎక్కువ, 6 లేదా 7 అయితే ఒకటిన్నర రెట్లు, 5 లేదా అంతకు తక్కువైతే రెండింతలు; 16, 17 అయితే ముప్పావు, 18 అయితే మూడింట రెండు వంతులు, 18 దాటితే సగం. రెండోది, మీరు గుర్తించని వస్తువుల్లో సుమారు నాలుగింట ఒకదానికి దుకాణదారు ఇంకో మూడో వంతు కలిపి చెబుతాడు. ఇది ఆ వస్తువుకే అంటుకుని ఉంటుంది కాబట్టి ఎన్నిసార్లు అడిగినా మారదు. అలాగే తల మీద డన్స్ క్యాప్ అనే మూర్ఖుల టోపీ ఉన్నా, తక్కువ స్థాయి టూరిస్టుగా ఆడుతున్నా అదనపు వడ్డన తప్పదు. మీకు అది వర్తించదనుకుంటాను.

మీ 533ను ఇప్పుడు విప్పుదాం. కరిజ్మా 10 కాబట్టి మూడో వంతు కలిసింది. 400కు అది కలిపితే 533. కాని 300కు అంటుకునే వడ్డన కలిసి 400 అయి, దాని మీద కరిజ్మా భాగం కలిసినా 533 వస్తుంది. అంటే పుస్తకం 3వ స్థాయిదో 4వ స్థాయిదో తేల్చలేము. కొని మళ్లీ అమ్మజూపితే తేలుతుంది గాని, ఆ సందేహం తీర్చుకోవడానికి అంత బంగారం వదులుకోవడం అనవసరం. రెండింటిలో పెద్దది అనుకుని 4వ స్థాయికి తగినట్టు జాగ్రత్త పడితే చాలు. పుస్తకాలను అంచనా వేసేటప్పుడు సందేహం ఉన్న ప్రతిసారీ పై స్థాయిని ఖాయం చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. తక్కువ అనుకుని మోసపోతే పాత్ర పోతుంది, ఎక్కువ అనుకుని మోసపోతే నాలుగు రోజులు ఆలస్యంగా చదువుతాం, అంతే.

మీ సొంత పుస్తకం సంగతి ఇంకా సులువు, ఎందుకంటే అమ్మకపు ధరలో కరిజ్మాకు పాత్ర లేదు. దుకాణదారు సాధారణంగా అసలు ధరలో సగం ఇస్తానంటాడు, కొన్నిసార్లు మూడో వంతే ఇస్తానంటాడు. స్థాయిలన్నింటికీ ఈ రెండు అంకెలనూ రాసుకుంటే ఒక సంగతి కనబడుతుంది: 50, 150, 250, 300, 350 అన్నవి వినబడితే స్థాయి వెంటనే తేలిపోతుంది, రెండు అర్థాలు వచ్చేవి 100, 200 అన్న రెండు అంకెలే. 100 అంటే 2వ స్థాయిలో సగం కావచ్చు, 3వ స్థాయిలో మూడో వంతు కావచ్చు. 200 అంటే 4వ స్థాయిలో సగం కావచ్చు, 6వ స్థాయిలో మూడో వంతు కావచ్చు. మీకు సరిగ్గా ఆ చిక్కు అంకె వచ్చింది. అమ్మనని చెప్పి పుస్తకాన్ని తీసుకుని మళ్లీ కింద పెట్టండి. 3.4.3లో బేరం కొత్తగా మొదలవుతుంది. ఎప్పుడైనా 150 వినబడితే అది 3వ స్థాయి, 67 ప్రాంతంలో వినబడితే 2వ స్థాయి. ఇదంతా పుస్తకాలు కొనే దుకాణాల్లోనే సాగుతుంది. అంటే పుస్తకాల కొట్టు గాని, అన్నీ అమ్మే జనరల్ స్టోర్ గాని అయి ఉండాలి.

స్థాయి తెలిసిన తరువాత పేరు తెలియకపోయినా పెద్ద నష్టం లేదు. చదవడంలో ప్రమాదం, ప్రయోగానికి అయ్యే శక్తి, కలిగే ఆకలి, విఫలమయ్యే శాతం, ఇవన్నీ చాలావరకు స్థాయి మీదే ఆధారపడతాయి. అసలు ధర 100 అని తేలితే ఫోర్స్ బోల్ట్, హీలింగ్, లైట్, నాక్, జంపింగ్, ప్రొటెక్షన్ వంటి చిన్న మంత్రాల్లో ఏదో ఒకటి. 700 అని తేలితే రెండే ఉన్నాయి: ఫింగర్ ఆఫ్ డెత్, క్యాన్సలేషన్.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. బొమ్మలు కూడా లేని, అక్షరాలు మాత్రమే కదిలే ఒక ఆటలో మంత్రాలు, శాపాలు, బలిపీఠాలు అంటూ నోట్‌బుక్ నింపుతున్నాడు. మా అత్తగారు ఇది క్షుద్ర విద్య అని భయపడుతున్నారు. దీనికి డబ్బు కట్టాల్సి ఉంటుందా? భయపడాల్సినది ఏమైనా ఉందా?

జవాబు: అమ్మా, మీ అత్తగారికి ధైర్యం చెప్పండి. 1980 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ రోగ్ అనే ఆటను తయారుచేశారు. తరువాత కెన్ ఆర్నాల్డ్ వారితో కలిశారు. అప్పటి టెర్మినళ్ల మీద బొమ్మలు గీయడం కష్టం కాబట్టి మనిషికి ఒక గుర్తు, రాక్షసులకు అక్షరాలు, వస్తువులకు వేరే గుర్తులు పెట్టారు. ఆ వంశంలోనే 1987లో నెట్‌హ్యాక్ వచ్చింది. ఇది ఉచితం, దీని లోపల కొనవలసినది గాని, పందెం కట్టవలసినది గాని ఏదీ లేదు. 2020లో ఫేస్‌బుక్ పరిశోధకులు కృత్రిమ మేధను పరీక్షించడానికి ఈ ఆటనే ఎంచుకున్నారు, ఎందుకంటే ఇందులో ఆలోచించవలసినవి అంత ఎక్కువ. మీ అబ్బాయి నోట్‌బుక్‌లో ఉన్నవి నూటికి తొంభై వంతులు కూడికలు, తీసివేతలే అయి ఉంటాయి. ఒకసారి తెరిచి చూడండి. చావు వస్తే ఆట మొదటి నుంచి ఆడవలసి ఉంటుంది కాబట్టి గంటలు తెలియకుండా గడిచిపోతాయి. ఆ ఒక్క విషయంలో మాత్రం గడియారం మీ చేతిలో ఉంచుకోండి. ఆటను ఎప్పుడైనా భద్రపరచి మరునాడు కొనసాగించవచ్చు కాబట్టి, మధ్యలో ఆపలేనని అతను చెబితే నమ్మనక్కరలేదు.

ప్రశ్న: బీటీఎం లేఅవుట్ నుంచి రాస్తున్నాను. నాది వాల్కిరీ (యోధురాలు) పాత్ర. కష్టపడి ఒక మంత్రం నేర్చుకున్నాను గాని, మంత్రాల జాబితాలో విఫలమయ్యే శాతం 100 అని చూపుతోంది. ఒంటి మీద మిత్రిల్ కవచం, తల మీద ఇనుప శిరస్త్రాణం ఉన్నాయి. మిత్రిల్ తేలికైనది కదా, అది అడ్డు రాదనుకున్నాను.

జవాబు: ఈ లెక్కలో బరువు పట్టింపు లేదు, లోహం పట్టింపు ఉంది. మిత్రిల్ కూడా లోహమే కాబట్టి మరుగుజ్జుల మిత్రిల్ అయినా, ఎల్ఫుల మిత్రిల్ అయినా ఇనుప కవచంలాగే అడ్డుతగులుతుంది. ప్రతి పాత్రకూ ఒక ఆటంక సంఖ్య ఉంటుంది, అది 20కి చేరితే మంత్రం దారి పూర్తిగా మూసుకుపోతుంది. విజర్డ్‌కు అది 1తో మొదలైతే వాల్కిరీకి 10తోనే మొదలవుతుంది. లోహపు కవచం వల్ల మీకు మరో 9 చేరుతుంది, లోహపు శిరస్త్రాణం వల్ల 4, లోహపు చేతి తొడుగుల వల్ల 6, లోహపు బూట్ల వల్ల 2. మీరు కవచంతోనే 19కి చేరారు. శిరస్త్రాణం మిగిలిన పని పూర్తి చేసింది. శిరస్త్రాణం ఒక్కటే తీసి చూసినా ఫలితం ఉండదు, కవచం ఒక్కటే తీసినా 14 దగ్గర ఉంటారు.

గాజుతో చేసిన క్రిస్టల్ ప్లేట్ మెయిల్ లోహం కాదు కాబట్టి అడ్డురాదు. రోబ్ అనే పైవస్త్రం లోహపు కవచం మీద వేసుకుంటే ఆ కవచం ఆటంకం సగానికి తగ్గుతుంది, లోహపు కవచం లేనప్పుడు వేసుకుంటే ఏకంగా మేలు చేస్తుంది. చిన్న డాలును మించిన బరువున్న డాలు ఏదైనా చేతిలో ఉంటే మిగిలిన అవకాశం నాలుగో వంతుకు పడిపోతుంది.

వాల్కిరీలకు ఇంకొక చిక్కు ఉంది, దాన్ని చాలామంది గమనించరు. పుస్తకం చదివేటప్పుడు ఏ పాత్రకైనా ఇంటెలిజెన్స్ చూస్తారు గాని, మంత్రం ప్రయోగించేటప్పుడు వాల్కిరీకి విజ్డమ్ (వివేకం) చూస్తారు. అంటే మీరు ఒక పరీక్షను ఒక గుణంతోనూ, రెండో పరీక్షను వేరొక గుణంతోనూ నెగ్గవలసి ఉంటుంది, వాల్కిరీకి సాధారణంగా ఈ రెండూ తక్కువే. ఇంటెలిజెన్స్ 8, పాత్ర స్థాయి 8 ఉన్న వాల్కిరీకి 1వ స్థాయి పుస్తకం చదవడంలోనే నూటికి 30 వంతుల ప్రమాదం ఉంది. నిర్మొహమాటంగా చెప్పాలంటే, ఆట తొలి సగంలో మీ పాత్రకు మంత్రాల కోసం కవచం విప్పడం తగదు. ఆ ఇనుము మీదే మీరు బతుకుతున్నారు.

ప్రశ్న: యలహంకలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. నేను హీలర్ (వైద్యుడు)‌తోనూ, నా రూమ్మేట్ విజర్డ్‌తోనూ ఆడుతున్నాం. వాడు ఎన్ని మంత్రాలు వేసినా ఆకలి అనడు, నేను నాలుగు హీలింగ్‌లు వేసేసరికి ఆకలి అని వస్తోంది. ఇది ఆటలో లోపమా?

జవాబు: లోపం కాదు, విజర్డ్‌కు ఇచ్చిన మినహాయింపు. ఏ మంత్రానికైనా దాని స్థాయికి 5 రెట్లు శక్తి ఖర్చవుతుంది, ఆ శక్తికి రెట్టింపు పోషణ కడుపులోంచి పోతుంది. 1వ స్థాయి హీలింగ్‌కు 5 శక్తి, 10 పోషణ. 3వ స్థాయి ఎక్స్‌ట్రా హీలింగ్‌కు 15 శక్తి, 30 పోషణ. ఊరికే నడిచే పాత్రకు టర్నుకు 1 పోషణే ఖర్చవుతుంది కాబట్టి, ఒక్క ఎక్స్‌ట్రా హీలింగ్‌తో 30 టర్నుల తిండి పోయినట్టు లెక్క. విజర్డ్‌కు మాత్రం ఇంటెలిజెన్స్ 17 గాని అంతకు మించి గాని ఉంటే ఈ ఆకలి అసలు ఉండదు, 16 అయితే నాలుగో వంతు, 15 అయితే సగం. మీ హీలర్ ఇంటెలిజెన్స్ ఎంత పెరిగినా ఈ మినహాయింపు రాదు.

ఊరట ఏమిటంటే మంత్రం ఒక్కటే మిమ్మల్ని ఆకలితో చంపదు. కడుపులో కొద్దిపాటి పోషణ మిగిలేలా ఆట చూసుకుంటుంది. కాని ఆ స్థితిలో నాలుగు అడుగులు వేస్తే సొమ్మసిల్లుతారు, కాబట్టి దాన్ని ఊరటగా లెక్కించకపోవడమే మేలు. ఒక ఫుడ్ రేషన్ 800 పోషణ ఇస్తుంది, అంటే 80 హీలింగ్‌ల ఖర్చు. దుకాణంలో కనబడితే మీరు మీ రూమ్మేట్ కంటే ముందుగా కొనుక్కోవాలి.

ప్రశ్న: కె.ఆర్.పురం నుంచి. చాలా రోజులుగా సాగుతున్న ఆటలో నేర్చుకున్న మంత్రం వేయబోతే భయంకరమైన దృశ్యాలు మనసులో మెదిలాయని చెప్పి పాత్రను మతి చెదిరిన స్థితిలో, తూలిపోయే స్థితిలో పడేసింది. మంత్రం పాడైందా?

జవాబు: మరిచిపోయారు. నేర్చుకున్న మంత్రం 20,000 టర్నులు మాత్రమే గుర్తుంటుంది, మధ్యలో ఎన్నిసార్లు ప్రయోగించినా ఆ గడువు పెరగదు. గడువు దాటాక ప్రయోగిస్తే మీరు చూసినదే జరుగుతుంది. అదే పుస్తకాన్ని మళ్లీ చదివితే జ్ఞాపకం తిరిగి 20,000కు చేరుతుంది, కాని కొన్ని చదువుల తరువాత అక్షరాలు మాసిపోయి పుస్తకం ఖాళీ అవుతుంది. 3.6 కూర్పులో అయితే గడువు 2,000 టర్నులకు దిగినప్పటి నుంచి, మంత్రం మసకబారుతోందని ప్రయోగించిన ప్రతిసారీ ఆట చెబుతుంది. బరువు ఎక్కువైందని నేర్చుకున్న పుస్తకాలను పడేసేవారు, కనీసం ముఖ్యమైన వాటినైనా ఒక పెట్టెలో పెట్టి ఆ పెట్టె ఏ అంతస్తులో ఉందో రాసుకోవాలి.

ప్రశ్న: కోరమంగళలో ఉంటాను. నెట్‌హ్యాక్‌లో నేర్చుకున్న ఈ లెక్కలన్నీ ఇతర రోగ్‌లైక్ (రోగ్ తరహా) ఆటల్లో పనికొస్తాయా? ఏ ఆటలో మంత్రాలు నేర్చుకోవడం తేలిక?

జవాబు: అంకెలు పనికిరావు. అలవాట్లు కొన్ని పనికొస్తాయి. బ్రిటన్‌లోని వారిక్ విశ్వవిద్యాలయంలో 1990లో పుట్టిన ఆంగ్‌బ్యాండ్‌లో మొదటి పుస్తకాలు పట్టణంలోని కొట్లలోనే పేర్లతో సహా అమ్ముతారు, చదవబోయి పేలిపోయే ప్రమాదం లేదు. ప్రమాదం వేరే చోట ఉంది: ప్రయోగించే ప్రతిసారీ పుస్తకం చేతిలో ఉండాలి, నిప్పు తగిలితే అది కాలిపోతుంది. ఆంగ్‌బ్యాండ్ ఆడే విజర్డులు ఒకే పుస్తకం రెండు మూడు ప్రతులు మోసేది అందుకే. చేతి తొడుగులు అక్కడ కూడా మంత్రాలకు శత్రువులే, లోహంతో సంబంధం లేకుండా.

1997లో లిన్లీ హెంజెల్ విడుదల చేసిన క్రాల్, దాని వారసురాలిగా 2006లో మొదలైన స్టోన్ సూప్ ఇంకో దారి పట్టాయి. అక్కడ కాలం గడిచినందువల్ల మంత్రం మరుపుకు రాదు. స్థాయిల లెక్కన చోటు పరిమితంగా ఉంటుంది, కొత్తదానికి చోటు కావాలంటే అమ్నీషియా (మరుపు) అనే కాగితపు చుట్ట చదివి పాతదాన్ని మీరే మరిచిపోవాలి. విఫలమయ్యే శాతం నేర్చుకోక ముందే తెర మీద కనబడుతుంది. థామస్ బిస్కప్ తయారుచేసిన ఆడమ్ అనే ఆట‌లో దీనికి పూర్తిగా భిన్నంగా, ప్రయోగించిన కొద్దీ ఆ మంత్రపు జ్ఞాపకం తరుగుతుంది, కాబట్టి అక్కడ చిన్న ఎలుక మీద పెద్ద మంత్రం వాడేవాడు తెలివితక్కువవాడు.

తేలిక ఏది అని అడిగారు కాబట్టి స్టోన్ సూప్ అంటాను. అది ముఖ్యమైన అంకెలను దాచదు. నెట్‌హ్యాక్‌తోనే మొదలుపెట్టదలిస్తే విజర్డ్‌ను తీసుకోండి. ఫోర్స్ బోల్ట్ చేతిలో ఉంటుంది, ఇంటెలిజెన్స్ 17కు చేరితే మంత్రాల వల్ల ఆకలి బాధ ఉండదు. మొదటి అంతస్తుల్లో దొరికిన తెలియని పుస్తకాన్ని మాత్రం తెరవకుండా సంచిలో వేసుకుని, ముందు ఒక బలిపీఠాన్నీ, తరువాత ఒక దుకాణాన్నీ వెతకండి.